మిక్ నెగటివ్ వచ్చిన 'బర్కిట్': 11వ క్రోమోజోమ్ దగ్గర ఏం వెతుకుతారు?

మీరు రాసినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను, సరిగ్గా అర్థమైందో లేదో మీకే తెలుస్తుంది. మీ అక్కయ్యగారి పెద్దబ్బాయికి పదమూడేళ్లు. మెడ కుడివైపు గడ్డ కనిపించింది. ముందు యాంటీబయాటిక్ వాడారు, తగ్గకపోతే టీబీ అనుకుని ఆ మందులు మొదలుపెట్టారు. గడ్డ చూస్తుండగానే పెరిగిపోయింది. చివరికి ఆపరేషన్ చేసి గ్రంథి మొత్తం తీశారు. మొదటి ల్యాబ్ 'బర్కిట్ లింఫోమా' అని, అంటే చాలా వేగంగా పెరిగే ఒక లింఫ్ కణాల క్యాన్సర్ అని రిపోర్టు ఇచ్చింది. వారం తర్వాత ఫిష్ పరీక్షలో, అంటే జన్యువుల మీద రంగు చుక్కలు వేసి చూసే పరీక్షలో, 'మిక్ రీఅరేంజ్‌మెంట్ లేదు' అని, అంటే మిక్ అనే జన్యువు తెగి చోటు మారలేదని వచ్చింది. ఇప్పుడు పెద్దాసుపత్రివాళ్లు, ఇది 11క్యూ మార్పు (11వ క్రోమోజోమ్ పొడవు చేతిలో మార్పు) ఉన్న అరుదైన రకం కావచ్చు, బ్లాక్ (గడ్డ ముక్కను మైనంలో పెట్టి దాచిన దిమ్మ) ముంబై పంపుదాం అంటున్నారు. మీరు ముఖ్యంగా అడిగినవి నాలుగు. మొదటి రిపోర్టు తప్పా? కొత్త పేరు అంతకంటే ప్రమాదమా? ఆ రిపోర్టు వచ్చేదాకా కీమో ఆగాలా? జెనెటిక్ అన్నారు కాబట్టి చిన్నవాడికీ పరీక్ష చేయించాలా?

నేను మందులిచ్చే డాక్టర్ని కాదు. లింఫోమా గడ్డల స్లైడ్లు చూసి జబ్బు ఏదో తేల్చే పెథాలజిస్టుని, చాలా ఏళ్లుగా ఇదే పని. అందుకని నిర్ధారణ గురించి ఎక్కువ చెబుతాను, వైద్యం గురించి అవసరమైనంతే.

ముందు సూటిగా జవాబులు. మొదటి రిపోర్టును తప్పు అనలేం. మైక్రోస్కోపులో కనిపించినదాని ప్రకారం అది సబబైన మొదటి మాట. కొత్త పేరు అంతకంటే చెడ్డది కాదు, చాలామంది పిల్లల్లో మంచి కబురే. కీమో ఆపకూడదు. చిన్నవాడికి పరీక్ష అక్కర్లేదు. ఇక ఎందుకో చెబుతాను.

బర్కిట్ లింఫోమాకు ఆ పేరు డెనిస్ బర్కిట్ అనే సర్జన్ వల్ల వచ్చింది. ఉగాండాలో పిల్లల దవడల్లో వచ్చే గడ్డల గురించి ఆయన 1958లో రాశాడు. ఆ కణాల్లో 8వ క్రోమోజోమ్ ముక్క తెగి 14వ దానికి అతుక్కుంటోందని 1970ల్లో తెలిసింది. ఆ తెగిన చోట ఉన్న జన్యువు మిక్ అని 1982లో తేలింది. రిపోర్టులో ఎం, వై, సీ అని మూడక్షరాల్లో కనిపించేది అదే. కణం విభజన చెందాలా వద్దా అనే విషయంలో దానిది పెద్ద పెత్తనం. యాంటీబాడీలు తయారుచేసే జన్యువు పక్కకి వెళ్లి పడితే ఇక అదుపుండదు, కణాలు ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపవుతాయి. బర్కిట్‌లో ఐదింట నాలుగు కేసుల్లో ఈ 8, 14 మార్పిడే ఉంటుంది. మిగతావాటిలో మిక్ వెళ్లి 22వ దానితోనో 2వ దానితోనో కలుస్తుంది.

అయితే అచ్చం బర్కిట్‌లాగే కనబడుతూ మిక్ మాత్రం చెక్కుచెదరని కేసులు అప్పుడప్పుడూ వస్తూనే ఉండేవి. పరీక్షలో దొరకలేదులే, మిక్ ఎక్కడో తెగే ఉంటుంది అని సర్దిచెప్పుకునేవాళ్లు. కొన్నిసార్లు నిజంగా అంతే కూడా. కానీ 2011లో వార్సా నుంచి ఒక బృందం, 2014లో యూరప్‌లోని మరికొన్ని బృందాలు కలిసి, ఇలాంటి కేసుల్లో ఒక గుంపుకి 11వ క్రోమోజోమ్ పొడవు చేతిలో ఒకే తరహా మార్పు ఉందని చూపించాయి. చేతిలో ఒక భాగం, 11క్యూ23 దగ్గర, ఎక్కువ కాపీలు అవుతుంది. దాని తర్వాత 11క్యూ24 నుంచి చివరిదాకా ఉన్న తోక పోతుంది. ఒకే క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఒక చోట పెరగడం, ఒక చోట పోవడం. ఈ జంట గుర్తే ఈ జబ్బుకి ఆధారం.

పేర్ల గందరగోళం ఇక్కడే మొదలవుతుంది, మీ చేతిలో ఉన్న కాగితాల్లోనూ అదే కనిపిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 వర్గీకరణలో దీన్ని 'బర్కిట్-లైక్ లింఫోమా విత్ 11క్యూ అబరేషన్' అని తాత్కాలికంగా చేర్చింది. 2022లో అదే సంస్థ 'హై-గ్రేడ్ బీ-సెల్ లింఫోమా విత్ 11క్యూ అబరేషన్స్' అని మార్చింది. అదే ఏడాది వచ్చిన మరో అంతర్జాతీయ వర్గీకరణ 'లార్జ్ బీ-సెల్ లింఫోమా విత్ 11క్యూ అబరేషన్' అంది. మూడూ ఒకే జబ్బు. ఒక రిపోర్టులో ఒకటి, ఇంకోదాంట్లో ఇంకోటి ఉందని కంగారుపడకండి. పేరులోంచి బర్కిట్ తీసేయడానికి కారణం ఉంది. బర్కిట్‌లో తరచుగా కనబడే ఐడీ3, టీసీఎఫ్3 జన్యువుల మ్యుటేషన్లు దీంట్లో దాదాపు ఉండవు. జీఎన్ఏ13 లాంటి వేరే జన్యువులు దెబ్బతింటాయి. అంటే పైకి బర్కిట్ పోలికే గానీ లోపల కుటుంబం వేరు.

మరి మైక్రోస్కోపులో తేడా తెలియదా అంటే, అనుమానం వస్తుంది గానీ తేల్చలేం. తక్కువ పవర్‌లో స్లైడు పెట్టగానే ముదురు నీలం కణాలు తెరలాగా పరుచుకుని, మధ్యమధ్య తెల్లటి ఖాళీలు కనిపిస్తాయి. చచ్చిన కణాలను మింగే మాక్రోఫేజ్‌లు ఉన్న చోట్లవి. చుక్కల ఆకాశం అంటాం దీన్ని. బర్కిట్‌కైనా దీనికైనా ఇదే దృశ్యం. పవర్ పెంచితే బర్కిట్‌లో కణాలు అచ్చు గుద్దినట్టు ఒకే సైజులో ఉంటాయి. 11క్యూ రకంలో కొన్ని పెద్దవి, కొన్ని వంకరగా, కాస్త గజిబిజిగా ఉండొచ్చు. నేను ప్రత్యేకంగా చూసేది ఆ మాక్రోఫేజ్‌ల కడుపులోకి. బర్కిట్‌లో మింగిన ముక్కలు సన్నగా ఉంటాయి. దీంట్లో ముద్దలు ముద్దలుగా, పెద్ద గోలీల్లా కనబడతాయి. ఇది పుస్తకాల్లోకి ఆలస్యంగా ఎక్కిన గుర్తు, తెలిసినవాళ్లకు బాగా పనికొస్తుంది. ఇంకోటి, గడ్డ ఎక్కడ వచ్చింది అన్నది. మనదగ్గర పిల్లల్లో బర్కిట్ అంటే ఎక్కువగా కడుపులో వస్తుంది, పేగుల దగ్గర. 11క్యూ రకం కడుపులోనూ రావచ్చు గానీ మెడ గ్రంథుల్లో, టాన్సిల్ చుట్టూ ఎక్కువ కనిపిస్తుంది. పదేళ్లు దాటిన పిల్లలు, యువకులు, అందులోనూ మగపిల్లలు ఎక్కువ. చాలాసార్లు ఒకే చోట ఉంటుంది, జబ్బు ఎక్కువైతే రక్తంలో పెరిగే ఎల్‌డీహెచ్ ఆకాశానికి అంటదు. మీ మేనల్లుడి వివరాలు ఈ బొమ్మకి సరిపోతున్నాయి. అంతమాత్రాన ఇదే అని నేను చెప్పడం లేదు.

తర్వాత రంగుల పరీక్షలు, అంటే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, కణాల్లో ఏ ప్రోటీన్లు (మార్కర్లు) ఉన్నాయో రంగుతో చూడటం. సీడీ20, సీడీ10, బీసీఎల్-6 పాజిటివ్. బీసీఎల్-2 నెగటివ్. ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయో చెప్పే కేఐ-67 నూటికి దాదాపు నూరు. మీరు టైప్ చేసి పంపిన రిపోర్టులో ఇవన్నీ ఇలాగే ఉన్నాయి. బర్కిట్‌లోనూ ఇవే వస్తాయి కాబట్టి మొదటి ల్యాబ్ బర్కిట్ అనడంలో ఆశ్చర్యం లేదు. తేడా చూపగలవి కొన్ని ఉన్నాయి. ఎల్ఎంఓ2 అనే మార్కర్ నిజమైన బర్కిట్‌లో సాధారణంగా నెగటివ్, దీంట్లో తరచుగా పాజిటివ్. ఖర్చు తక్కువ, తెలుసుకునేది ఎక్కువ. మిక్ తెగలేదన్న రిపోర్టు వచ్చాక మన ల్యాబ్‌లు ముందు దీన్నే వేసి చూడొచ్చు, వేసేవాళ్లు తక్కువ. తాజా ముక్కతో ఫ్లోసైటోమెట్రీ (కణాలను ఒక్కొక్కటిగా మిషన్‌లోంచి పంపి మార్కర్లు కొలిచే పరీక్ష) చేసి ఉంటే సీడీ56 పాజిటివ్, సీడీ38 మామూలు స్థాయిలో ఉండటం కూడా 11క్యూ వైపు మొగ్గు. ఈబర్ అని ఎప్‌స్టీన్-బార్ వైరస్ కోసం చేసే పరీక్ష పాజిటివ్ వస్తే మాత్రం 11క్యూ అనుమానం బాగా తగ్గిపోతుంది, ఈ రకంలో ఆ వైరస్ దాదాపు కనబడదు.

టీడీటీ అనే మార్కర్ ఒక్కటి మాత్రం మీ రిపోర్టులో లేదు, లేదా మీరు రాయడం మరిచారు. అది నెగటివ్ అని రాతపూర్వకంగా ఉండాలి. టీడీటీ పాజిటివ్ అయితే అది లింఫోబ్లాస్టిక్ రకం. దాని వైద్యం పూర్తిగా వేరు, ఏళ్ల తరబడి సాగుతుంది. 11క్యూనా బర్కిట్టా అన్న చర్చకంటే ఈ తేడాయే మీ పిల్లాడికి ఎక్కువ ముఖ్యం. రేపే అడగండి.

అలాగే మమ్1 అనే రంగు కూడా చూడమనండి. పిల్లల మెడలో, టాన్సిల్‌లో వచ్చే ఐఆర్ఎఫ్4 రకం లింఫోమా అని మరొకటుంది. దాంట్లో మమ్1 గట్టిగా పాజిటివ్ వస్తుంది. దాని గమనం కూడా మంచిదే. చుక్కల ఆకాశం దాంట్లో అంతగా ఉండదు కాబట్టి మీ కేసులో అవకాశం తక్కువ, అయినా దాన్నీ పక్కకి పెట్టేసినట్టు రాస్తే నిశ్చింత.

ఇక అసలు విషయం ఫిష్. మిక్ నెగటివ్ అన్న రెండు పదాలను అంత తేలిగ్గా నమ్మకూడదు, నా మాటగా గుర్తుపెట్టుకోండి. ప్రోబ్ అంటే డీఎన్ఏలో ఒక నిర్దిష్టమైన చోటికి వెళ్లి అంటుకునే రంగు ముక్క. సాధారణంగా ల్యాబ్‌లు వాడేది బ్రేక్-అపార్ట్ ప్రోబ్. మిక్ జన్యువుకి ఒక పక్క ఎర్ర చుక్క, మరో పక్క ఆకుపచ్చ చుక్క అంటుకునేలా చేస్తారు. జన్యువు అలాగే ఉంటే రెండు చుక్కలూ కలిసి పసుపుగా కనిపిస్తాయి. మధ్యలో తెగితే ఎరుపు ఒకవైపు, ఆకుపచ్చ ఒకవైపు విడిపోతాయి. చీకటి గదిలో కూర్చుని వందా రెండు వందల కేంద్రకాలు ఒక్కొక్కటీ చూసి లెక్కపెడతాం. ఇందులో రెండు ఇబ్బందులు. మొదటిది, ముక్క కేవలం నాలుగు మైక్రాన్ల మందం. దోసకాయను పల్చగా తరిగితే ఒక్కో చక్రంలో అన్ని గింజలూ పడనట్టే, కొన్ని కేంద్రకాల్లో ఒక చుక్క కోతలోనే పోతుంది. అందుకే ప్రతి ల్యాబ్ తనకంటూ ఒక కటాఫ్ పెట్టుకుంటుంది. రెండోది ఇంకా ముఖ్యం. మిక్ తెగే చోటు ఒకటే కాదు. కొన్ని కేసుల్లో జన్యువుకి చాలా దూరంగా, ప్రోబ్ పరిధికి అవతల తెగుతుంది, ముఖ్యంగా 2తో, 22తో జరిగే మార్పిడుల్లో. కొన్నిసార్లు చిన్న ముక్క మాత్రమే వెళ్లి ఇరుక్కుంటుంది. అప్పుడు బ్రేక్-అపార్ట్ ప్రోబ్ పసుపు చుక్కలే చూపిస్తుంది, రిపోర్టు నెగటివ్ అని వస్తుంది, జబ్బు మాత్రం అసలైన బర్కిట్టే.

అందుకని మిక్ నిజంగా నెగటివ్ అనాలంటే బ్రేక్-అపార్ట్‌తో పాటు మిక్, ఐజీహెచ్ (14వ క్రోమోజోమ్ మీది యాంటీబాడీ జన్యువు) రెండూ కలిశాయా అని చూసే ఫ్యూజన్ ప్రోబ్ కూడా వేయాలి. వీలైతే 2, 22 క్రోమోజోమ్‌ల మీద ఉండే యాంటీబాడీ తేలిక గొలుసుల జన్యువుల వైపు, అంటే కప్పా, లాంబ్డా వైపు కూడా చూడాలి. వేరే కంపెనీ బ్రేక్-అపార్ట్ ప్రోబ్ వేసినా కొంత ప్రయోజనం, దాని పరిధి వేరుగా ఉంటుంది కాబట్టి. మీ రిపోర్టులో ఒకే ప్రోబ్ పేరు ఉంది. రెండో ప్రోబ్ వేశారా అని అడగండి. 11వ క్రోమోజోమ్ గురించి ఆలోచించడం ఆ తర్వాతే. వరస తప్పితే చిక్కేమిటంటే, మిక్ తెగిన లింఫోమాల్లో కూడా కొన్నిటిలో ఈ 11క్యూ మార్పు కనబడుతుంది. మిక్ తెగి ఉంటే 11క్యూలో ఏమున్నా అది ఈ రకం కాదు. మిక్ బాగానే ఉండాలి, 11క్యూ దెబ్బతినాలి, రెండూ కలిస్తేనే పేరు.

11క్యూ చూడటానికి మూడు దార్లు. ఒకటి, ఇదే పని కోసం చేసిన ఫిష్ ప్రోబ్: 11 సెంట్రోమియర్ (క్రోమోజోమ్ నడుము) ఒక రంగు, 11క్యూ23 ఒక రంగు, 11క్యూ24 ఒక రంగు. 11క్యూ23 చుక్కలు మూడో నాలుగో ఉండి, 11క్యూ24 చుక్క ఒక్కటే మిగిలితే, అదీ కణం తర్వాత కణంలో అలాగే ఉంటే, స్లైడు చూస్తున్నవాళ్లకు ఇక సందేహముండదు. ఈ ప్రోబ్ మన దగ్గర అన్ని ల్యాబ్‌ల్లో ఉండదు. కొందరు దీని బదులు సీఎల్ఎల్ అనే రక్త క్యాన్సర్ కోసం వాడే ప్యానెల్‌లోని ఏటీఎం (ఒక జన్యువు) ప్రోబ్ వేసి 11క్యూ బాగానే ఉందని రాసేస్తారు. ఏటీఎం ఉండేది 11క్యూ22 దగ్గర, అసలు గొడవ జరిగే చోటికి ఇవతల. దాన్ని చూసి ఉందనీ లేదనీ చెప్పలేం. మీ రిపోర్టులో 11క్యూ అన్న పదం పక్కన ఏటీఎం అని కనిపిస్తే ఆ వాక్యాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

ఒక చిన్న కిటుకు ఉంది. లుకేమియా కోసం దాదాపు ప్రతి పెద్ద ల్యాబ్‌లోనూ కేఎంటీ2ఏ బ్రేక్-అపార్ట్ ప్రోబ్ ఉంటుంది. ఆ జన్యువు 11క్యూ23లో, చాలాసార్లు కాపీలు పెరిగే భాగంలోనే ఉంటుంది. దాన్ని వేస్తే రెండు బదులు మూడో అంతకంటే ఎక్కువో పసుపు చుక్కలు, విడిపోకుండా, కనిపించవచ్చు. అది నిర్ధారణ కాదు, చివరి తోక పోయిందో లేదో అది చెప్పదు. కానీ బ్లాక్ బయటికి పంపడం సబబే అని చెప్పడానికి సరిపోతుంది.

రెండో దారి క్రోమోజోమల్ మైక్రోఅరే. మీవాళ్లు ముంబై పంపుతామంటున్నది దీనికే అయి ఉండాలి. ఫార్మలిన్‌లో నానిన ముక్కలోంచి తీసిన విరిగిపోయిన డీఎన్ఏ మీద కూడా పనిచేసే రకాలున్నాయి. ఇది మొత్తం క్రోమోజోమ్‌లన్నిటినీ ఒకేసారి కొలుస్తుంది. 11వ దాని గీత సెంట్రోమియర్ నుంచి చదునుగా వెళ్లి, 23 దగ్గర మెట్టులా పైకి లేచి, 24 దగ్గర అమాంతం కిందికి పడిపోతుంది. ఒకసారి చూసినవాళ్లు మరిచిపోరు. ఫిష్‌కి అందని ఇంకో సంగతి కూడా ఇది పట్టుకుంటుంది. కొన్ని కేసుల్లో తోక పోవడం బదులు, రెండు కాపీలూ తల్లి వైపువో తండ్రి వైపువో, ఒకే వైపు నుంచి వచ్చినవై ఉంటాయి. చుక్కలు లెక్కపెడితే రెండే కనిపిస్తాయి, బాగానే ఉందనిపిస్తుంది. నన్నడిగితే, డబ్బూ ముక్కా ఒక్క పరీక్షకే సరిపోయేట్టుంటే, మిక్ సంగతి రెండు ప్రోబ్‌లతో తేలిపోయాక, మైక్రోఅరేకే ఓటేస్తాను. మూడో దారి సీక్వెన్సింగ్ ప్యానెల్, అది సాయం చేస్తుంది గానీ మన దగ్గర దీనికోసం అత్యవసరం కాదు. పాతకాలపు కారియోటైపింగ్ (క్రోమోజోమ్‌లను మైక్రోస్కోపులో నేరుగా చూడటం) కూడా ఈ మార్పు చూపించగలదు, దానికి బతికున్న కణాలు కావాలి. గ్రంథి మొత్తం ఫార్మలిన్‌లో వేసేశాక ఆ దారి మూసుకుపోయినట్టే.

ఎముక మజ్జ ముక్కలో కూడా ఫిష్ చేస్తారా అని మీరు కింద అడిగారు. ఆసిడ్‌లో మెత్తబరిచిన ఎముకలో డీఎన్ఏ పాడవుతుంది, దాని మీద వచ్చే నెగటివ్‌కి విలువ లేదు. గ్రంథి బ్లాక్ ఉంది కాబట్టి దాన్నే వాడాలి. మళ్లీ బయాప్సీ చేయాల్సిన పని కూడా లేదు, మొత్తం గ్రంథి తీశారు కాబట్టి. సూదితో తీసిన నీటితో, అంటే ఎఫ్ఎన్ఏసీతో ఆగిపోయి ఉంటే ఇవాళ ఈ చర్చే ఉండేది కాదు.

ఆ బ్లాక్ గురించి రెండు మాటలు. బ్లాక్ మీది, అడిగి తీసుకునే హక్కు మీకుంది. ల్యాబ్‌వాళ్లు సంతకం పెట్టించుకుని ఇస్తారు. ఒకటికంటే ఎక్కువ బ్లాక్‌లు ఉంటే ఒకటి ఇక్కడే ఉంచి ఒకటి పంపండి. ఒక్కటే ఉంటే పంపే ముందు పదో పన్నెండో రంగు వేయని ముక్కలు చార్జ్‌డ్ స్లైడ్ల (ముక్క ఊడిపోకుండా పట్టుకునే స్లైడ్లు) మీద కోయించి దగ్గర పెట్టుకోండి. ప్రతిసారీ బ్లాక్‌ను మిషన్ మీద పెట్టి ముఖం సరిచేయడానికి కొంత కోసి పారేస్తారు, చిన్న ముక్కయితే రెండు మూడు పరీక్షలకే అయిపోతుంది. ఎండాకాలంలో కొరియర్ చేసేటప్పుడు జెల్ ప్యాక్ పెట్టమనండి. బ్లాక్ మైనమే కదా, మే నెల ఎండలో నిలబెట్టిన వ్యాన్‌లో మెత్తబడుతుంది. బ్లాక్‌తో పాటు పాత స్లైడ్లు, రెండు రిపోర్టులూ, గడ్డ ఎక్కడిది, ఎన్నాళ్లుగా ఉంది అన్న నాలుగు లైన్ల చీటీ కూడా పంపాలి. 'నోడ్, నెక్' అని రెండే ముక్కలు రాసిన ఫారంతో వచ్చే కేసులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆరోగ్యశ్రీ కింద చేరి ఉంటే ఈ పరీక్ష ఖర్చు ప్యాకేజీలో వస్తుందా అని ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను ముందే అడగండి, తర్వాత అడిగితే లాభముండదు.

టీబీ మందుల గురించి మీ అక్కయ్యగారు బాధపడుతున్నారని రాశారు. మన దేశంలో పిల్లాడి మెడలో గడ్డ అంటే టీబీ గుర్తుకు రావడం సహజం, చాలాసార్లు అది నిజం కూడా. నా అభ్యంతరం ముక్క తీయకుండా మందులు మొదలుపెట్టడం మీదే. ఇంకా పెద్ద ప్రమాదం స్టెరాయిడ్. వాపు తగ్గుతుందని ప్రెడ్నిసొలోన్ ఇస్తే లింఫోమా గడ్డ కరిగిపోయినట్టు కనిపిస్తుంది, ఆ తర్వాత బయాప్సీలో చచ్చిన కణాలే వస్తాయి, పేరు పెట్టడానికి ఏమీ మిగలదు. మీవాడికి అది ఇవ్వలేదు, అదృష్టం.

ఇక కీమో. పిల్లల్లో బర్కిట్‌కీ, 11క్యూ రకానికీ, పెద్ద కణాల రకానికీ ఇప్పటికైతే ఒకే తరహా ప్రోటోకాల్ వాడతారు. గడ్డ ఇంకా శరీరంలో ఉన్నవాళ్లలో మొదటి వారం కాప్ అనే తేలికపాటి మందులతో మొదలవుతుంది, గడ్డ నెమ్మదిగా కరిగేలా. ఆ వారం ఏ పేరైనా ఒకటే. కాబట్టి ఫిష్, మైక్రోఅరే రిపోర్టుల కోసం వైద్యం ఆపాల్సిన పనే లేదు, అవి వెనకాల నడుస్తాయి. ఆపితే నష్టం మాత్రం ఉంది, ఈ కణాల వేగం అలాంటిది. మందు పడగానే కణాలు ఒక్కసారిగా చచ్చి యూరిక్ ఆసిడ్, పొటాషియం పెరిగి కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది కాబట్టి ముందుగానే సెలైన్ ఎక్కించి, అల్లోప్యూరినాల్‌గానీ రాస్‌బురికేస్‌గానీ ఇస్తారు. పిల్లాడికి గంటగంటకీ మూత్రం కొలుస్తున్నారంటే అందుకే, భయపడకండి.

మీవాడి విషయంలో పేరుకంటే స్టేజీ ఎక్కువ తేలుస్తుంది. గ్రంథి మొత్తం తీసేశారు. స్కాన్‌లో, మజ్జలో, వెన్నుపూస నీటిలో ఇంకెక్కడా లేదని తేలితే అది అతి తక్కువ జబ్బు. పిల్లల లింఫోమాల మీద జరిగిన ఎఫ్ఏబీ/ఎల్ఎంబీ 96 అధ్యయనంలో ఇలా పూర్తిగా తీసేసిన పిల్లలను 'గ్రూప్-ఎ' అనే తక్కువ జబ్బు గుంపులో పెట్టి, రెండే రెండు కోర్సుల కీమో ఇచ్చారు, కాప్ వారం లేకుండా, వెన్నులోకి మందు లేకుండా. వాళ్లు చాలా బాగున్నారు. జబ్బు బాగా పాకినవాళ్లకు కీమోకి రిటుక్సిమాబ్ (సీడీ20 మీద పనిచేసే యాంటీబాడీ మందు) కలపడం వల్ల లాభముందని 2020లో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం చూపింది. జబ్బు ముదరకుండా, తిరగబెట్టకుండా, ప్రాణనష్టం లేకుండా మూడేళ్లు గడిచినవాళ్లు అది కలిపితే 93.9 శాతం, కలపకపోతే 82.3 శాతం. అది ఎక్కువ రిస్కు ఉన్నవాళ్ల లెక్క. స్టేజింగ్ పూర్తవకుండా మీవాడు ఏ గుంపో నేను చెప్పను, మీ డాక్టర్లే చెప్పాలి.

11క్యూ అని తేలితే మందులు తగ్గిస్తారా? ఇప్పుడే కాదు. ఇప్పటిదాకా ప్రచురితమైన కేసులు తక్కువే. వాటిలో పిల్లలూ యువకులూ చాలామంది బాగయ్యారు, వాళ్లందరికీ ఇచ్చింది బర్కిట్‌కిచ్చే గట్టి కీమోనే. మంచి రకం కాబట్టి బాగయ్యారా, గట్టి మందుల వల్ల బాగయ్యారా అన్నది ఆ లెక్కల్లోంచి విడదీయలేం. పేరు మంచిది కదా అని కోర్సు తగ్గించమని ఒత్తిడి చేయకండి. మరి పేరు తేలి ఏం లాభమంటే, ఒకటి, ఏడాది తర్వాత ఏదైనా అనుమానం వస్తే పోల్చుకోవడానికి ఈ 11క్యూ గుర్తు పనికొస్తుంది. రెండు, పెద్దవాళ్లలో అయితే ఇది డబుల్ హిట్ (మిక్‌తో పాటు బీసీఎల్-2 జన్యువూ తెగిన) అనే మొండి రకం కాదని తేల్చడమే పెద్ద విషయం, అక్కడ మందుల ఎంపిక మారుతుంది. అవయవ మార్పిడి జరిగినవాళ్లలో, హెచ్ఐవీ ఉన్నవాళ్లలో కూడా ఈ రకం వస్తుంది. అందుకే మీవాడికి కూడా హెచ్ఐవీ పరీక్ష చేసి ఉంటారు. అందరికీ చేసేదే, తప్పుగా అనుకోవద్దు.

చివరిది తమ్ముడి సంగతి. మీ అక్కయ్యగారిది మేనరికం అని, దానివల్లే వచ్చిందని ఇంట్లో పెద్దావిడ అంటున్నారని రాశారు. ఇక్కడ జెనెటిక్ అంటే గడ్డలోని కణాల్లో పుట్టిన మార్పు. ఆ అబ్బాయి బీ-కణాల్లో ఒకదానిలో, పుట్టిన చాలా కాలానికి, 11వ క్రోమోజోమ్ తెగి తప్పుగా అతుక్కుంది. ఆ కణం పిల్లలే ఈ గడ్డ. అతని రక్తంలోని మిగతా కణాల్లోగానీ, అమ్మానాన్నల్లోగానీ, తమ్ముడిలోగానీ ఆ మార్పు ఉండదు. మేనరికం వల్ల కొన్ని పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలు, అటాక్సియా టెలాంజియెక్టేసియా లాంటి జబ్బులు వచ్చే అవకాశం పెరుగుతుందన్నది నిజం, అవి ఉన్న పిల్లలకు లింఫోమాలు ఎక్కువ అన్నదీ నిజం. అందుకే డాక్టరు గతంలో తరచూ న్యుమోనియా వచ్చిందా, చెవిలో చీము కారేదా, నడక తూలుతోందా అని అడుగుతారు. అలాంటివి ఉంటే ఆ దారిలో వేరే పరీక్షలుంటాయి. మీరు రాసినదాన్ని బట్టి పిల్లాడు మొన్నటిదాకా కబడ్డీ ఆడుకుంటున్నవాడు, అలాంటివేమీ లేవు. తమ్ముడికి స్కానూ వద్దు, రక్తపరీక్షా వద్దు. రోజూ వాడి మెడ తడిమి చూడటం మానేయమని మీ అక్కయ్యగారికి చెప్పండి. జలుబు చేసిన పిల్లల మెడలో చిన్న గ్రంథులు చేతికి తగలడం మామూలే. వారాలు గడిచినా తగ్గకుండా పెరుగుతూ ఉంటేనే చూపించాలి.